మియాటాకి 17 ఇంచుల వీల్స్ వేసి నేను చేసిన తప్పు

"బ్రో, ఈ అల్లాయ్స్ లుక్ అదిరింది, కొనేయనా?" అని చాలామంది ఫోటోలు పంపిస్తున్నారు. కొనేముందు నా కథ వినండి.

డల్లాస్‌లో జాబ్ చేసేటప్పుడు సెకండ్ హ్యాండ్‌లో 1990 మోడల్ మాజ్డా మియాటా కొన్నాను. 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ కార్ల స్టైల్‌లో చేసిన చిన్న టూ సీటర్ అది. కంపెనీ వీల్స్ 14 ఇంచులు. నా కళ్లకి బొమ్మకారు చక్రాల్లా అనిపించాయి. వాడిన 17 ఇంచుల సెట్ ఒకటి దొరికితే తెచ్చి వేసేశా. బోల్టులు సరిపోయాయి, ఇంకేం కావాలి అనుకున్నా.

అమ్మానాన్న వచ్చినప్పుడు నాన్నని హైవే మీదికి తీసుకెళ్లా. 60 మైళ్ల స్పీడ్ దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. నాన్న డోర్ పట్టుకుని, "ఏంట్రా ఇది, చక్రం ఊడిపోతుందా?" అన్నారు. నాకూ చెమటలు పట్టాయి. రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించినా తగ్గలేదు.

అప్పుడు కూర్చుని లెక్కలు చూశా. మొత్తం నాలుగు విషయాలు.

ఒకటి, పీసీడీ. అంటే బోల్టుల కొలత. మియాటాది 4×100. మన దగ్గర చాలా స్విఫ్ట్, ఐ20లదీ ఇదే. కానీ బోల్టు సరిపోతే వీల్ సరిపోయినట్టు కాదు.

రెండు, సెంటర్ బోర్. కారు హబ్ 54.1 మిల్లీమీటర్లు, నా వీల్ మధ్య రంధ్రం 73.1. వీల్ సరిగ్గా మధ్యలో కూర్చోలేదు. వణుకు అందుకే! కరెక్ట్ సైజు హబ్ రింగులు వేయగానే పోయింది.

మూడు, టైర్ ఎత్తు. ఒరిజినల్ 185/60ఆర్14 ఎత్తు సుమారు 578 మిల్లీమీటర్లు. నా 205/40ఆర్17 ఎత్తు 596. అంటే స్పీడోమీటర్ 60 చూపిస్తే, కారు దాదాపు 62లో పోతోంది. పైగా సైడ్‌వాల్ 111 నుంచి 82కి పడిపోయింది. చిన్న గుంతకే నడుం అదిరేది. అదే 195/50ఆర్15 అయితే ఎత్తు 576, ఒరిజినల్‌కి దాదాపు సమానం.

నాలుగు, ఆఫ్‌సెట్. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ఒరిజినల్ వీల్ వెడల్పు 5.5 ఇంచులు, ఆఫ్‌సెట్ 45. అదే ఆఫ్‌సెట్‌తో 7 ఇంచుల వీల్ వేస్తే లోపలికి 19, బయటికి 19 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆఫ్‌సెట్ 30 తీసుకుంటే లోపలికి 4, బయటికి 34. లోపల సస్పెన్షన్‌కి, బయట ఫెండర్‌కి తగలకుండా ఎంత జాగా ఉందో కొలిచాకే డబ్బు కట్టండి.

చివరికి ఆ సెట్ సగం రేటుకి అమ్మేసి, 15 ఇంచుల మినీలైట్ స్టైల్ వీల్స్ వేశా. 1960ల మినీ కూపర్ల మీద ఫేమస్ అయిన డిజైన్ అది. ఆ కారుకి అదే అందం. బరువు కూడా చూసుకోండి, ఈ చిన్న ఇంజిన్‌కి బరువైన వీల్స్ శిక్షే. బిగించేటప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారమే బిగించండి, 50 మైళ్లు నడిపాక మళ్లీ ఒకసారి చెక్ చేయండి.

ముందు కొలతలు, తర్వాతే లుక్. మీ కారు, వీల్ సైజు, ఆఫ్‌సెట్ కామెంట్‌లో పెట్టండి, కలిసి లెక్కేద్దాం. బై బై!