పాత భవనాలకు హరిత ధ్రువపత్రం

హరిత భవనమనగానే కొత్తగా లేచే కట్టడమే మనకు స్ఫురిస్తుంది. ఇప్పటికే నిలిచివున్న భవనాల మాటేమిటి? వాటికి ధ్రువపత్రమిచ్చేది గోడలను చూచి కాదు, అవి నడిచే తీరును చూచి. అమెరికాలో రూపొందిన లీడ్ విధానం కనీసం 12 నెలల ఇంధన వినియోగపు లెక్క అడుగుతుంది.

న్యూయార్కులోని ఎంపైర్ స్టేట్ భవనం 1931లో పూర్తయినది. 2009లో ప్రకటించిన పథకం ప్రకారం దాని 6,514 కిటికీలను విప్పి, అయిదవ అంతస్తులోనే బాగుచేసి, తిరిగి బిగించారు. లోపల సెన్సర్లు అమర్చారు. హిందీవారు ‘సంవేదక్’ అంటారు గాని, మనకు సెన్సరే నలిగిన మాట. జనం ఊపిరితో విడిచే బొగ్గుపులుసు వాయువును అవి కొలుస్తాయి. జనం పెరిగితే బయటి గాలి హెచ్చుగా లోపలికి వస్తుంది, పలచబడితే తగ్గుతుంది. ఖాళీ గదికోసం గాలిని చల్లబరచడం, వెచ్చబరచడం వృథాయే కదా! ఇన్ని విధాల భారం తగ్గినందువల్ల శీతలీకరణ యంత్రాలను మార్చవలసిన పని లేకపోయింది, ఉన్నవాటినే బాగుచేశారు. 2011లో భవనానికి లీడ్ స్వర్ణశ్రేణి లభించింది.

హైదరాబాదు కేంద్రంగా 2001లో ఏర్పడిన భారత హరిత భవన మండలి కూడా పాత భవనాలకు ఇటువంటి శ్రేణులు ఇస్తున్నది. అయితే ఒకే మీటరున్న కళాశాలలో ఏ అంతస్తు ఎంత విద్యుత్తు వాడుతున్నదో ఎవరు చెప్పగలరు? సెన్సరు బిగించినా, దాని అంకెలను రోజూ చదివే మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో ముందు తేల్చుకుని, పరికరాల బేరం తరువాత చేయడం మేలు.