మా తాత నడిచొచ్చిన రంగం

(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

పదో తరగతిలో సోషల్ సార్ ఆసియా పటం మేకుకు తగిలించి రంగూన్ చూపించమన్నారు. టక్కున వేలు పెట్టాను. ఎలా తెలుసురా అంటే, "మా తాత అక్కణ్ణుంచి నడిచొచ్చాడు సార్" అన్నాను. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ మాట ఇవాళ పూర్తి చేస్తాను.

మా నాన్న నాచారంలో ఫ్యాక్టరీ పనికి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారు. తాత అంతకుముందు రంగం వెళ్లి, రంగూన్‌ని మావాళ్లు అలాగే అనేవారు, రేవులో బియ్యం బస్తాలు మోశాడు. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. తాత ప్రోమ్ మీదుగా అరకాన్ కొండల అడవి దాటి తీరానికి నడిచాడు. దారి పొడుగునా కలరా. తమ్ముడు మాత్రం "నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది" అని అక్కడే ఉండిపోయాడు. 1942 మార్చిలో రంగం జపాన్ చేతికి పోయింది.

ఉప్పల్ సర్వే శిక్షణ సంస్థలో పటాలు చదవడం నేర్చుకున్నాక ఆ తీరం ముందేసుకుని కూర్చున్నాను. రంగూన్ సముద్రం ఒడ్డున లేదు. నదిలో చాలా దూరం లోపలికి పోవాలి. నది నిండా మందుపాతరలు, ముఖద్వారంలో ఎలిఫెంట్ పాయింట్ దగ్గర జపాన్ కాపలా. అది తొలగితేగానీ ఓడలు కదలవు. ఉత్తరాన్నుంచి దిగివస్తున్న జనరల్ స్లిమ్ సేన పెగూ దగ్గరికొచ్చింది గానీ, వాన పట్టుకుంటే రోడ్లుండవు. అందుకే గాలిలోంచీ నీళ్లలోంచీ ఒకేసారి దాడి. పేరు డ్రాకులా. మీరు నవ్వుతారని తెలుసు.

1945 మే 1న గూర్ఖా పారాచూట్ సైనికులు దిగారు. సొంతపక్షం విమానాల బాంబులే కొందరి మీద పడ్డాయి. బురదలో నడిచి సాయంత్రానికి ఆ చోటు పట్టుకున్నారు. మర్నాడు 26వ ఇండియన్ డివిజన్ పడవల్లో రెండు ఒడ్డులా దిగింది. తీరా చూస్తే జపాన్ సేన అప్పటికే ఊరొదిలి పోయింది! జపాన్ వాళ్లు పోయారని ఖైదీలు జైలు కప్పు మీద పెద్దక్షరాలతో రాశారు. ఇంత ఏర్పాటు దండగేనా అనిపిస్తుంది. నేనలా అనుకోను. అదే రోజు కుండపోత మొదలైంది. పైనున్న సేనలకు తిండీ మందులూ అందాలంటే ఆ రేవే దిక్కు.

రేవు తెరిచాక తాత ఉత్తరాలు రాశాడు. ఒక్కదానికీ జవాబు రాలేదు. తమ్ముడికి తద్దినం మాత్రం పెట్టనివ్వలేదు.

తాత నడిచిన దారి ఎర్రగా, ఓడలొచ్చిన దారి నీలంగా గీసిన పటం తెచ్చాను. సోషల్ గదిలో ఆ మేకు ఇంకా ఉంటే దానికే తగిలించండి.