ఏరు పొంగిన రాత్రి మాట దాటించేవారు

(హామ్ రేడియో గురించి పాతబస్తీ సంఘ కూటంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన విషయం హామ్ రేడియో. రేడియో అనగానే పాటలు, వార్తలు గుర్తుకు వస్తాయి గనుక ముందుగా ఆ సంగతి చెప్తాను. హామ్ రేడియోలో పాటలుండవు, ప్రసంగాలుండవు, వ్యాపారం అసలే ఉండదు. మన క్రిస్మస్ కీర్తనలు కూడా అందులో ప్రసారం చేయకూడదు. ప్రభుత్వ పరీక్ష ప్యాసై లైసెన్సు పొందిన మామూలు మనుషులు తమ సొంత యంత్రాలతో, తమకు కేటాయించిన తరంగాల మీద ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు. జీతం లేదు. చాలామంది ఇళ్లలో దీనిని పనిలేని సరదాగానే చూస్తారు. ఆ సరదా ఎందుకు పనికివస్తుందో చెప్పడానికే నేను నిలబడ్డాను.

పాతబస్తీ వారికి మూసీ సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగినప్పుడు అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు మూడూ దెబ్బతిని పోయాయి, పురానాపూల్ నిలిచింది. సుమారు 15,000 మంది చనిపోయారని, 19,000 ఇళ్లు కూలాయని, 80,000 మంది నిలువ నీడ లేనివారయ్యారని లెక్కలు చెప్తాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బ్రతికారు. ఉస్మానియా ఆస్పత్రికి వెళ్లినవారికి ఆ చెట్టును నేటికీ చూపిస్తారు. ఆ చెట్టు కొమ్మల మీద వ్రేలాడినవారి గురించి నేను తరచు ఆలోచిస్తుంటాను. వారి మాట కేక వినబడినంత దూరమే పోయింది. అవతలి గట్టున ఉన్నవారికి ఇవతల ఎవరు మిగిలారో తెలియదు.

తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. ఇక నది భయం తీరిందనుకున్నాము. అయితే 2020 అక్టోబరు 13న కురిసిన వానకు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్లు పడింది, చెరువులు తెగాయి. పల్లె చెరువు నీళ్లు అలీనగర్, అల్ జుబైల్ కాలనీల మీద పడ్డాయి. నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి, గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. చీకటి, కరెంటు లేదు, మేడల మీద పిల్లలు. ప్రభుత్వ కార్యాలయాలు అక్కడికి ఎన్ని మైళ్లు? పది కూడా ఉండవు.

"చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ రేడియో ఎందుకండీ?" అని యువకులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఫోను పని చేయాలంటే టవరు పని చేయాలి. టవరుకు కరెంటు పోతే బ్యాటరీ కొన్ని గంటలు వస్తుంది. తర్వాత జనరేటరు, దానికి డీజిలు, డీజిలు తెచ్చే బండికి దారి. దారే లేనప్పుడు? టవరు నిలబడి ఉన్నా వేలమంది ఒకేసారి ఫోను చేస్తే లైను దొరకదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కొట్టినప్పుడు అంత పెద్ద నగరంలో ఫోన్లు మూగబోయాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడైతే తంతి స్తంభాలు కూలి, రోడ్లకు చెట్లు అడ్డంపడి, అక్కడి ఘోరం ఎంతటిదో బయటివారికి తెలియడానికే ఆలస్యమయింది.

హామ్ రేడియోకు టవరు అక్కరలేదు. 7 మెగాహెర్ట్జ్ తరంగాల కోసం 20 మీటర్ల రాగి తీగ, మధ్యలో కేబులు, రెండు కొసలకు రెండు గుంజలు. కారు బ్యాటరీ ఒకటి. తీగను తక్కువ ఎత్తులో కట్టితే తరంగాలు నిటారుగా పైకి పోయి, ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి, మూడు నాలుగు జిల్లాల మేరకు వానలా దిగుతాయి. ఎత్తుగా కట్టితే ఇంకా దూరం పోతాయి. గల్లీలలో పనికి చేతిలో పట్టే చిన్న సెట్లు వేరే ఉన్నాయి. అవి 144 మెగాహెర్ట్జ్ పైన పని చేస్తాయి. వాటికి గోడలు, మేడలు అడ్డు. మన పాతబస్తీ సందులలో నిలబడి మాట్లాడితే పక్క వీధికి కూడా పోకపోవచ్చు. మేడ ఎక్కితే ఆశ్చర్యపడేంత దూరం పోతుంది. ఇంకొక సంగతి. 100 వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు సుమారు 20 ఆంపియర్లు తాగుతుంది, వినేటప్పుడు ఒకటో రెండో. అందుచేత మంచి ఆపరేటరు ఎక్కువ వింటాడు, తక్కువ మాట్లాడతాడు. కూటాలలో ఈ నియమం పెడితే బాగుండునని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఈ విద్యకు మన నగరమే ఒక పెద్ద నిలయం. 1983లో స్థాపించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో సోమాజిగూడలో, రాజ్‌భవన్ రోడ్డులో ఉన్నది. 1993 లాతూరు భూకంపానికి, 2001 భుజ్ భూకంపానికి ఈ సంస్థవారు సెట్లు మోసుకొని వెళ్లారు. అయితే అన్నిటికంటె అండమాన్ సంగతి వినదగ్గది.

ఆ దీవుల నుంచి హామ్ రేడియోకు ఎన్నో ఏళ్లుగా అనుమతి లేదు. ఈ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్‌గారు పట్టు విడువక ఢిల్లీ చుట్టూ తిరిగి అనుమతి సంపాదించి, 2004 డిసెంబరులో బృందంతో పోర్ట్‌బ్లెయిర్ చేరారు. అరుదైన చోటి నుంచి పిలుపు వచ్చిందంటే లోకంలోని హామ్‌లందరికీ పండుగ. అమెరికా, జపాను, ఐరోపా వారంతా ఒక్క పలకరింపు కోసం వరుసలో నిలబడ్డారు. అంతా సరదాయే. డిసెంబరు 26 తెల్లవారుజామున భూమి కంపించింది, తర్వాత సముద్రం వచ్చింది. ఫోన్లు పోయాయి. అప్పుడు వీరు సెట్టును మళ్లీ నిలబెట్టి, వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల ఉన్న ప్రధాన భూభాగంతో మాట్లాడారు. సరదా పలకరింపులు ఆగిపోయాయి. ఎవరు క్షేమం, ఎవరి జాడ లేదు, ఏమి కావాలి, ఇవే సందేశాలు. బృందంలో కొందరు కార్ నికోబార్ దాకా వెళ్లి అక్కడ స్టేషను పెట్టారు. ఎవరో పంపగా వచ్చిన సహాయ దళం కాదది. తీగ అప్పటికే కట్టి ఉన్నది, చెవి అప్పటికే అలవాటై ఉన్నది. ఉపద్రవం వచ్చిన తర్వాత పెట్టె తెరచి, పుస్తకం చదివి నేర్చుకుందామంటే జరిగే పని కాదు.

నేర్చుకోవలసినది యంత్రం కంటె క్రమం. ఆపదలో అందరూ ఒకే తరంగం మీద ఉంటారు, ఒకరు పెత్తనం చేస్తారు. ఆయన పిలిచినవారే మాట్లాడాలి. ప్రతి సందేశానికి సంఖ్య, వేళ, పంపినవారు, అందవలసినవారు వ్రాసుకోవాలి. విన్నవాడు తిరిగి చదివి వినిపించాలి. పేర్లు అక్షరం అక్షరం చెప్పాలి. పురానాపూల్ అనడానికి పాపా, యూనిఫాం, రోమియో, ఆల్ఫా అంటూ మొదలుపెడతారు. వినడానికి నవ్వు వస్తుంది. కాని హఫీజ్‌బాబానగర్‌లో ఏ, బీ, సీ బ్లాకులున్నాయి; గరగర శబ్దంలో 'బీ' ఏది, 'సీ' ఏది? పడవ తప్పు వీధికి పోతే నవ్వు ఉండదు.

అన్నిటికంటె ముఖ్యమైనది, కళ్లతో చూచినదానిని, ఒకరు చెప్పగా విన్నదానిని వేరు చేసి చెప్పడం. మన బస్తీలలో పుకారు ఏ వేగంతో నడుస్తుందో కర్‌ఫ్యూ రోజులు చూచిన పెద్దలకు తెలుసు. "చెరువు తెగిందట" అన్న ఒక్క మాటకు నిండు వీధి పరుగెత్తుతుంది. శిక్షణ పొందిన ఆపరేటరు "ఫలానా మేడ మీద నుంచి నేను చూస్తున్నాను, నీళ్లు మొదటి మెట్టు దాకా ఉన్నాయి, వేళ 9 గంటల 40 నిమిషాలు" అంటాడు. ఆ మాటను నమ్మి అధికారి బండి పంపగలడు.

ఇందులో లోపం లేదని నేను అనను. రేడియో చెరువు కట్టను ఆపదు. అవతల వినేవాడు లేకపోతే మన మాట గాలిలో పోతుంది గనుక కలెక్టరు కార్యాలయంతోను, నగరపాలక సంస్థ కంట్రోల్ రూముతోను ముందే పరిచయం ఉండాలి, వారి గదిలో మనవాడొకడు కూర్చోవాలి. ఈ పని కష్టం, ఓపిక కావాలి.

లైసెన్సుకు 12 ఏళ్లు నిండితే చాలు. మొదటి తరగతి పరీక్షకు మోర్సు కోడు అక్కరలేదు. కొంచెం ఎలక్ట్రానిక్సు, కొంచెం నియమాలు. మన ఆదివారపు బడి పెద్ద పిల్లలు రెండు మూడు నెలలు శ్రద్ధగా చదివితే వ్రాయగలరు, ఆడపిల్లలు కూడా. లైసెన్సు లేకుండా సెట్టు కొని మాట్లాడితే మాత్రం నేరం. ఆ ఉత్సాహం వద్దు.

ఇక స్థలం సంగతి. తీగకు 20 మీటర్లు కావాలి, మేడ మీదికి తాళం చెవి రాత్రివేళ దొరకాలి. బడి భవనం పైకప్పు పొడవు ఎంతో యౌవనస్థులలో ఎవరైనా తాడుతో కొలిచి ఈ వారంలో కార్యదర్శిగారికి చెప్తే, గుంజలు ఎక్కడ పాతాలో వచ్చే కూటంలో మాట్లాడుకోవచ్చు.