దూరమునుండి కంప్యూటరును మేలుకొలుపుట
(ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మా తాతగారు విశాఖ ప్రాంతమునుండి మలయా రబ్బరు తోటలకు వచ్చినవారు. ఆయన పాడిన పాటలను మా నాన్నగారు క్యాసెట్లలో పట్టి ఉంచారు. వాటన్నిటినీ ఇప్పుడు తెలుక్ ఇంతాన్‌లో మా ఇంటి కంప్యూటరులో భద్రపరచుకున్నాము. ఆ ఇంట మా అమ్మగారు ఒక్కరే ఉంటారు. కౌలాలంపూరులో ఉన్న నాకు ఒక పాట కావలసివస్తే, ఆమె బల్ల కిందికి వంగి మీట నొక్కవలసివచ్చేది. ఒక రాత్రి తూలి పడబోయారు. ఇక ఆమెకు ఆ శ్రమ పెట్టరాదని నిశ్చయించుకున్నాను.

రాత్రింబగళ్లు యంత్రాన్ని నడిపితే కరెంటు దండుగ. దీనికి 'వేక్ ఆన్ లాన్' అనే ఉపాయమున్నది. కంప్యూటరు ఆగి ఉన్నా, దాని నెట్‌వర్కు కార్డు కొద్దిపాటి కరెంటుతో చెవి ఒగ్గి ఉంటుంది. ప్రతి కార్డుకూ 48 బిట్ల 'మ్యాక్' చిరునామా ఉంటుంది. ఆరు 'ఎఫ్ఎఫ్' బైట్ల వెనుక ఆ చిరునామాను 16 మార్లు వల్లిస్తే 102 బైట్ల 'మ్యాజిక్ ప్యాకెట్' అవుతుంది. తన పేరు వినగానే కార్డు యంత్రాన్ని లేపుతుంది.

చేయవలసిన పనులు నాలుగే. మొదట బయాస్‌లో ఈ సౌకర్యాన్ని అనుమతించాలి. రెండవది, విండోస్‌లో నెట్‌వర్కు కార్డుకు అదే అనుమతి ఇచ్చి, 'ఫాస్ట్ స్టార్టప్'ను ఆపివేయాలి. అది ఉంటే పూర్తిగా ఆపిన యంత్రం లేవకపోవచ్చు. మూడవది, కంప్యూటరును రౌటరుకు తీగతోనే కలపాలి. వైఫై మీద ఈ పిలుపును నమ్మరాదు. నాలుగవది, మ్యాక్ చిరునామా వ్రాసిపెట్టుకోవాలి.

ముందుగా ఇంటిలోనే సెల్‌ఫోనుతో పరీక్షించండి. ఊరు దాటి పిలవాలంటే రౌటరు తలుపులు లోకానికి తెరవకండి. ఈ పిలుపుకు మామూలుగా రహస్యపదం ఉండదు. నేను వీపీఎన్ ద్వారా ఇంటి రౌటరులో ప్రవేశించి, అక్కడినుండే పిలుపు పంపుతాను. కరెంటు పోయి వచ్చాక కొన్ని యంత్రాలు ఈ పిలుపు వినవు. అది కూడా ముందే పరీక్షించుకోవాలి.

మొదటిసారి నేనిక్కడినుండి లేపిన రోజున అమ్మగారు ఫోను చేసి, "ఒరే, ఎవరూ ముట్టకుండానే ఇది లేచిందిరా!" అన్నారు. ఆ సాయంత్రం మా పిల్లలు ముత్తాతగారి గొంతు విన్నారు. మాటలు సగమే అర్థమయినవి. మిగిలిన సగం నాయనమ్మను అడుగుతున్నారు. మీ ఇళ్లలోనూ ఇటువంటి గొంతులు నిద్రిస్తుంటే, వాటిని మేలుకొలపండి.