ఎదురుగాలిలో గుండ్రటి లూప్



రేడియో కంట్రోల్ నమూనా విమానాల విన్యాసాలకు అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నిర్వహించే పోటీ విభాగం పేరు ఎఫ్3ఎ. విమానం పొడవు, రెక్కల వెడల్పు రెండేసి మీటర్లు దాటకూడదు. పైలట్ నేల మీద నిలబడి, దాదాపు 150 మీటర్ల దూరంలో దాన్ని ఆడిస్తాడు. కాక్‌పిట్‌లో కూర్చున్నవాడికైతే కుదుపు ఒంటికి తెలుస్తుంది. ఇతనికి ఆ సౌకర్యం లేదు; గాలి కొట్టిన సంగతి కంటికి కనబడ్డాకే వేళ్లు కదలాలి.

న్యాయనిర్ణేతలు మార్కులు వేసేది విమానం ఆకాశంలో నడిచిన దారికి. ముక్కు ఎటు తిరిగి ఉన్నా ఫరవాలేదు.

పేచీ అక్కడే. సెకనుకు 25 మీటర్ల వేగంతో పోయే విమానానికి పక్కనుంచి 5 మీటర్ల గాలి తగిలితే, దారి తిన్నగా సాగడానికి ముక్కును 11 డిగ్రీలకు పైగా గాలి వైపు తిప్పి ఉంచాలి. తలకిందులుగా ఎగురుతున్నప్పుడు రడ్డర్ కుడి ఎడమలు తారుమారవుతాయి కూడా. ఇక లూప్ సంగతి. ఎలివేటర్‌ను ఒకే తీరుగా పట్టుకుని 8 సెకన్ల లూప్ తిప్పితే, ఆ 5 మీటర్ల గాలే ఎదురుగా వీస్తే దాన్ని 40 మీటర్లు వెనక్కి ఈడ్చేస్తుంది. గుండ్రంగా రావాలంటే గాలివాటున పోయే భాగంలో ఎలివేటర్ ఎక్కువ లాగాలి, ఎదురుగాలి భాగంలో సడలించాలి. చూసేవాళ్లకు ఈ దిద్దుబాటు తెలియకూడదు. పనితనమంతా అందులోనే ఉంది.

గాలి నిలకడగా వీస్తే లెక్క ఇంతే. విసురు వస్తే వేరు. లిఫ్ట్ గాలివేగపు వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 20 మీటర్ల వేగం మీద ఎదురుగా 4 మీటర్ల విసురు తగిలితే, రెక్క కోణం మారకపోయినా లిఫ్ట్ 44 శాతం ఎగబాకుతుంది. విసురు ఆగగానే విమానం కుంగుతుంది.

నియమాలకూ కొంత కనికరం ఉంది. స్పిన్‌లో తిరిగే విమానం గాలికి కొట్టుకుపోయినా మార్కులు కోయరు.

నేడు పట్టాలు అందుకుంటున్న ఏరోనాటికల్ విద్యార్థుల్లో కొందరు రేపు డ్రోన్లకు ఆటోపైలట్ ప్రోగ్రాములు రాస్తారు. వారికి ఒక విజ్ఞప్తి: సిమ్యులేటర్‌లో గాలిని సున్నా దగ్గర పెట్టి పరీక్ష ముగించకండి. పక్కగాలి, విసురు రెండూ పెట్టి, నేల మీద దారి ఎంత తప్పిందో కొలిచాకే నివేదిక మీద సంతకం చేయండి.