డాష్‌బోర్డులో ఆదివారానికి ఒక గడి

(జోనల్ కార్యాలయ ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



మార్కెటింగ్ ప్రచారాల ఖర్చును, ఫలితాన్ని డాష్‌బోర్డులో ఎలా చూస్తామో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. ఇది ఆఫీసు విషయం కదా, ఇంట్లోవాళ్లకు ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కానీ ప్రచారం మొదలైతే దాని సంగతి ముందుగా తెలిసేది మీకే. రాత్రి భోజనం దగ్గర ఫోను మోగుతుంది. ఆదివారం శిబిరం ఉందంటారు. "ఇవాళ ఎన్ని అయ్యాయి?" అన్న మాట ఇంట్లో కూడా వినిపిస్తుంది. అందుకే ఆ "ఎన్ని" గురించి మీతో మాట్లాడాలని వచ్చాను.

డాష్‌బోర్డు అన్న మాట గుర్రబ్బండి కాలం నాటిది. గుర్రం డెక్కల నుంచి ఎగిరే బురద బండిలో కూర్చున్నవారిమీద పడకుండా ముందు అడ్డంగా ఒక పలక పెట్టేవారు. కార్లు వచ్చాక ఆ పేరు మీటర్లు బిగించే పలకకు వచ్చింది. ఇప్పుడు కంప్యూటరు తెరమీద అంకెలన్నీ ఒకచోట చూపే పట్టికకూ అదే పేరు.

ముందు ఖర్చు సంగతి. ఇంట్లో పెళ్లి చేసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. అయిదు లక్షలు అనుకున్నాం, మూడు లక్షలు ఇచ్చాం, కాబట్టి రెండు లక్షలు మిగిలాయి అని ఏ ఇల్లాలూ అనుకోదు. వంటవాళ్లకు అడ్వాన్సే ఇచ్చాం, పూలవాడికి మాటే ఇచ్చాం, వాళ్లకు ఇవ్వాల్సింది ఇంకా ఉందని ఆమెకు తెలుసు. ప్రచార బడ్జెట్‌కూ అలాగే మూడు కాలమ్‌లు కావాలి: మంజూరైనది, ఆర్డరు ఇచ్చినది, చెల్లించినది. మధ్య కాలమ్ లేకపోతే ఫిబ్రవరిలో డబ్బు మిగిలినట్టు కనబడుతుంది. ఆ ధైర్యంతో ఇంకో ఆర్డరు ఇస్తాం. కరపత్రాలు అచ్చువేసినవాడి బిల్లు, హోర్డింగ్ అద్దె బిల్లు మార్చి 31 దగ్గరపడే వేళకు కలిసి వచ్చి పడతాయి. ఇయర్ ఎండింగ్ రాత్రులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా?

ఇక ఫలితం. లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. పండుగ రోజుల్లో గృహరుణాల ప్రచారానికి లక్ష రూపాయలు ఖర్చుపెట్టాం. హోర్డింగ్‌కు 60,000, అపార్ట్‌మెంట్లలో శిబిరాలకు 25,000, ఎస్సెమ్మెస్‌లకు 15,000. హోర్డింగ్ చూసి 30 మంది, శిబిరంలో 40 మంది, ఎస్సెమ్మెస్ చూసి 90 మంది రుణం గురించి అడిగారు. ఇక్కడితో ఆపితే ఎస్సెమ్మెస్‌దే గెలుపు. ఒక్కో ఎంక్వైరీకి అయిన ఖర్చు సుమారు 167 రూపాయలే. శిబిరానికి 625, హోర్డింగ్‌కు 2,000.

కానీ గృహరుణం అడిగిన రోజే తేలేది కాదు. కాగితాలు రావాలి, లాయరు చూడాలి, ఇంజనీరు విలువ కట్టాలి. రెండు మూడు నెలలు ఆగి మళ్లీ చూశాం అనుకోండి. మంజూరైన రుణాలు హోర్డింగ్ వల్ల 4, శిబిరం వల్ల 10, ఎస్సెమ్మెస్ వల్ల 3. ఇప్పుడు ఒక్కో రుణానికి అయిన ఖర్చు హోర్డింగ్‌కు 15,000, శిబిరానికి 2,500, ఎస్సెమ్మెస్‌కు 5,000. అవే రూపాయలు, అదే ప్రచారం. కాలమ్ మారేసరికి గెలిచినవాడు మారిపోయాడు.

అలాగని వెంటనే హోర్డింగ్ పీకేయమని కాదు. శిబిరానికి వచ్చినాయన నాలుగు రోడ్ల కూడలిలో మన బ్యాంకు పేరు రోజూ చూసి, ఆ నమ్మకంతోనే వచ్చి ఉండవచ్చు. "మా గురించి ఎలా తెలిసింది?" అని దరఖాస్తు ఇచ్చేటప్పుడు అడగాలి. ఇంచుమించు ఒకేలాంటి రెండు పట్టణాలు ఎంచుకుని, ఒకచోట హోర్డింగ్ పెట్టి, రెండోచోట మానేసి చూస్తే ఇంకా బాగా తేలుతుంది. డాష్‌బోర్డు ప్రశ్న చూపిస్తుంది. జవాబుకు మనిషే వెళ్లాలి.

మన ప్రభుత్వ రంగ బ్యాంకులన్నిటికీ తెలిసిన పెద్ద ఉదాహరణ జన్‌ధన్ యోజన. 2014 ఆగస్టు 23 నుంచి 29 వరకు, ఒక్క వారంలో 1,80,96,130 ఖాతాలు తెరిచి గిన్నిస్ రికార్డు సాధించాం. ఆ వారం మీ ఇళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే మొదట్లో వాటిలో చాలా ఖాతాల్లో నిల్వ సున్నా. ఖాతాల సంఖ్య ఒక్కటే ప్రకటించి ఊరుకుని ఉంటే ఆ సంగతి బయటపడేది కాదు. ఎన్ని ఖాతాల్లో డబ్బు లేదు, ఎంత డిపాజిట్ ఉంది, ఎన్ని రూపే కార్డులు ఇచ్చారు అన్నవీ ప్రకటించబట్టే తర్వాత చేయాల్సిన పని తెలిసింది. రాయితీలు నేరుగా ఖాతాల్లో పడటం మొదలయ్యాక ఖాతాలు కదిలాయి. 2023 ఆగస్టుకు వాటి సంఖ్య 50 కోట్లు దాటింది, డిపాజిట్లు 2 లక్షల కోట్లు దాటాయి. ఖాతాదారుల్లో సగానికి పైగా మహిళలే.

ఒక కొలతను లక్ష్యంగా పెట్టేస్తే అది మంచి కొలతగా మిగలదని బ్రిటిష్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ పేరుమీద ఒక సూత్రం ఉంది. ఖాతాల సంఖ్యే అడిగితే ఖాతాలే వస్తాయి. వాటిలో డబ్బు ఉందా, మనిషి మళ్లీ వచ్చాడా అని అడిగితేనే అవీ వస్తాయి.

ఇప్పుడు మీకు సంబంధించిన గడి. ఇందాకటి ఉదాహరణలో శిబిరానికి 25,000 అని రాశాం. అది షామియానా, బ్యానర్లు, టీ, కరపత్రాల ఖర్చు. ఆరుగురు ఉద్యోగులు రెండేసి ఆదివారాలు అక్కడ కూర్చున్నారు అనుకోండి. పన్నెండు ఆదివారాలు. ఏ బిల్లులోనూ అవి లేవు కాబట్టి పట్టికలో ఆ ఖర్చు సున్నా. సున్నా అని కనబడేదాన్ని ఎవరైనా ధారాళంగా వాడేస్తారు. ఆ ఆదివారం పిల్లవాడి పరీక్షకు తోడు వెళ్లాల్సిన తండ్రిది కావచ్చు, అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన కూతురిది కావచ్చు.

శిబిరాలు మానాలని నేను అనడం లేదు. పది కుటుంబాలకు సొంత ఇల్లు రావడం చిన్న సంగతి కాదు. కానీ పన్నెండు ఆదివారాలకు పది రుణాలు వచ్చిన అపార్ట్‌మెంటు ఏది, ఒక్కటీ రానిది ఏది అన్నది కళ్లముందు ఉంటే, రెండోదానికి మళ్లీ మనుషులను పంపడానికి మేనేజరు ఆలోచిస్తారు.

అందుకే మన జోన్ ప్రచార పట్టికకు రెండు కాలమ్‌లు కలపాలని పెద్దల ముందు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఆరు నెలల తర్వాత వాడుకలో ఉన్న ఖాతాలు ఎన్ని. రెండు, ఆ ప్రచారానికి పోయిన సెలవు రోజులు ఎన్ని. రెండూ నింపడానికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. మొదటిది మన కోర్ బ్యాంకింగ్‌లోనే ఉంది. రెండోది ఇంటి క్యాలెండర్‌లో మీరు ఎలాగూ రాసి పెట్టుకునే ఉంటారు.