మెదడు - రక్తపోటు
(మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము, వైద్యశాస్త్రము చదివినవారము కాము. అయినను షోలాపురములోని మన యిండ్లలో తరచుగా వినవచ్చు మాట యొకటి మమ్ము నేడు ఈ వేదిక నెక్కించినది. "కోపము తగ్గించుకొనిన చాలును; తల తిరుగనపుడు మాత్ర యెందులకు?" అని మన పెద్దలు పలువురు రక్తపోటు మందు మానివేయుచున్నారు. ఈ వ్యాజ్యములో ప్రయోగశాలల జంతువులు చెప్పు సాక్ష్యము వినదగియున్నది.

మెదడు అడుగున బఠాణీగింజంత పీయూషగ్రంథి కలదు. 1895లో ఆలివర్, షేఫర్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు ఆ గ్రంథి రసమును జంతువుల కెక్కించగా వాని రక్తపోటు పెరిగినది. ఆ రసములోని వాసోప్రెస్సిన్ అను హార్మోను రక్తనాళములను ముడుచును. మూత్రముగా పోవలసిన నీటిని నిలుపును.

ఇంతకంటె చిత్రమైనది 1961లో బికర్టన్, బక్లీ అనువారు ప్రకటించిన ప్రయోగము. ఒక కుక్క తలకు వేరొక కుక్క రక్తమును పారించిరి. తలకును మొండెమునకును నడుమ నాడుల సంబంధము మాత్రమే నిలిపిరి. పిమ్మట తలకు పోవు రక్తములో ఆంజియోటెన్సిన్ కలిపిరి. ఇది మూత్రపిండములు విడుచు రెనిన్ మూలమున రక్తమునందు పుట్టు హార్మోను. మొండెమునకు ఆ హార్మోను చేరనే లేదు. అయినను అచ్చట పోటు పెరిగినది! షావుకారు గద్దె దిగకయే గిడ్డంగికి కబురంపినట్లు, మెదడు నాడుల ద్వారా ఆజ్ఞ పంపినదన్నమాట.

1963లో జపానునందు ఒకమోటో, అవోకి అనువారు పోటు హెచ్చుగా నున్న ఎలుకలనే తరతరములుగా జతగూర్చి, తమంతట పోటు పెరుగు ఎలుకల వంశమును సాధించినట్లు ప్రకటించిరి. పాపము, ఆ ఎలుకలకు బాకీదారుల బెడద లేదు, జి.ఎస్.టి. చింతయు లేదు! తరువాతి కాలమున ఇట్టి ఎలుకల మెదడు కుహరములలోనికి ఆంజియోటెన్సిన్‌ను అడ్డగించు మందు నెక్కించగా పోటు దిగినది.

ఎలుకకు చెల్లినదెల్ల మనుష్యునకు చెల్లునని మేమనము. కాని మనలో పలువురు మ్రింగు టెల్మిసార్టన్, లోసార్టన్ మాత్రలు ఆ ఆంజియోటెన్సిన్ పనినే అడ్డగించునవి. మాత్ర మానిన ఆ అడ్డు తొలగును, పోటు మరల నెక్కును. తలనొప్పియైనను లేకయే అది గుండెను, మూత్రపిండములను చెఱచును.

వైద్యుడు మరాఠీలో చెప్పు జాగ్రత్తలు మన యవ్వలకు సగమే యర్థమగుచున్నవి. కావున వచ్చు ఆదివారము ఉదయము సంఘ మందిరమున పోటు చూచు ఏర్పాటు చేసితిమి. మందుచీటీలు వెంట తెచ్చినచో, వేళలను, మోతాదులను తెలుగులో వ్రాసి యిచ్చెదము.